బస్తా అడుగు చూసే మేడమ్

పశువుల దాణా గురించి నాకు తెలియనిది లేదని నమ్మిన రోజుల్లో నాకు నిజంగా తెలిసింది ఒక్కటే: గేదె తింటుంది. ఎంత తింటుందో తెలుసు, ఎప్పుడు తినదో తెలుసు, అది తినకపోతే దాన్ని పెంచుకునే ఆడవాళ్ళు నన్నెలా తింటారో మరీ బాగా తెలుసు. ఆ పాటి చదువుతో షాపు పెట్టేశాను. అనకాపల్లిలో మా ఇంటిపేరు చెబితే బెల్లం వాసన వస్తుంది. తాతల నాటి నుంచీ బెల్లం కొట్లు. అన్నదమ్ములందరూ బెల్లంలో ఉండగా నేనొక్కడినే తవుడులోకి దిగాను. "తియ్యగా బతకరా అంటే తవుడు మేత్తానంటావేటిరా," అన్నాడు మా పెద్దన్నయ్య. తన కొట్లో గుమాస్తా కుర్చీ ఒకటి నాకోసం ఖాళీగా ఉంచాడు. నేను తిరిగి వస్తానని ఆయనకి అంత నమ్మకం.

అసలు తెలివితక్కువతనం ఇంకా చెప్పలేదు. దాణా వ్యాపారిని కాబట్టి గడ్డి తిన్నానని ఒప్పుకోవడం నాకు పెద్ద కష్టం కాదు. మా షాపుకి మిక్సర్ ఒక్కటే. పొద్దున్న అందులో కోళ్ళ దాణా కలిపేవాళ్ళం, మధ్యాహ్నం గేదెల దాణా. కోళ్ళ దాణాలో ఎముకల పొడి, మాంసం పొడి వేస్తారు. కోళ్ళకీ చేపలకీ వెయ్యొచ్చు. పాలిచ్చే పశువుల దాణాలో మాత్రం అవి ఉండకూడదని రూలు. రూలు నాకు తెలుసు. అందుకే కోళ్ళ బస్తాల మీద కోడి బొమ్మ వేయించాను. గేదెల బస్తాల మీద గేదె బొమ్మ, దాని పక్కన ఆకుపచ్చ చుక్క, కింద 'శుద్ధ శాకాహార దాణా' అని లావుపాటి అక్షరాలు. బస్తాల మీద బొమ్మలు వేరైతే లోపలి సరుకూ వేరవుతుందని నా నమ్మకం. మధ్యలో ఉన్న మిక్సర్‌కి బొమ్మలు చూసే అలవాటు లేదన్న ముక్క నాకు తట్టలేదు. తట్టేలా చేసిన మనిషి గురించే ఇదంతా.

మొన్న ఎలమంచిలి స్టేషన్‌లో రైలు కోసం కూర్చుని ఉన్నాను. ఎదురు బెంచీ మీద ఒకావిడ వేయించిన పల్లీల పొట్లం కొంది. పైనుంచి విప్పలేదు. తలకిందులు చేసి, అడుగు వైపు చింపి, అక్కడి గింజలు అరచేతిలో పోసుకుని వెలుతురుకి పట్టి చూసింది. నేను లేచి నిలబడిపోయాను. నేననుకున్న మనిషి కాదు. ఆవిడ పోయి ఏడాది కావస్తోంది, ఆవిడ అయ్యే వీలు లేదు. ఆ సంగతి నాకు తెలుసు గానీ నా కాళ్ళకి ఎవరు చెప్పాలి?

పల్లీలావిడ నన్ను అనుమానంగా చూసి పొట్లం దగ్గరికి లాక్కుంది.

మేమంతా ఆవిడని దాణా మేడమ్ అనేవాళ్ళం. పశుసంవర్ధక శాఖవారి ల్యాబులో ఉద్యోగం. దాణాలో ఏమేం కలిశాయో తేల్చడం ఆవిడ పని. జీపులో వచ్చే ఆఫీసర్లని చూసిన బజారు మాది. ఈవిడ మాత్రం షేర్ ఆటోలో ముగ్గురు ఆడవాళ్ళ మధ్య ఇరుక్కుని, నల్ల గొడుగు ఒళ్ళో పెట్టుకుని వచ్చేది. షాపు మెట్టెక్కగానే కుడిచేతి గాజులు తీసి ఎడమచేతికి వేసుకునేది. ఆ గాజుల చప్పుడు వినబడిందంటే బజారులో దాణా షాపుల వాళ్ళందరికీ హఠాత్తుగా భక్తి పుట్టేది.

గాజులు మారాక బస్తా మూతి విప్పించి, చెయ్యి లోపలికి పోనిచ్చేది. మణికట్టు దాటి, మోచెయ్యి దాటి, భుజం దాకా. చెంప బస్తాకి ఆనించి, కళ్ళు మూసుకుని, లోపల ఎవరో గుసగుసలాడుతుంటే వింటున్నట్టు ఉండేది. చివరికి అడుగునుంచి ఒక గుప్పెడు పైకి తీసి, కళ్ళజోడు నుదుటి మీదికి నెట్టి, ముక్కు దగ్గర పెట్టుకుని చూసేది. ముందు చూపు, తర్వాత వాసన, తర్వాత వేళ్ళ మధ్య నలపడం.

"పైనే తీసుకోవచ్చు కదండీ, అంతా ఒకటే సరుకు," అన్నాను మొదటిసారి.

"పైనున్నది అమ్మినోడిది సావుకారూ. అడుగునున్నది కొన్నోడిది. నాకు కొన్నోడిది కావాల," అంది.

ఆఫీసర్లు వస్తారని మెత్తటి పరుపున్న కుర్చీ ఒకటి కొని ఉంచాను. ఆవిడ దానిమీద గొడుగుని కూర్చోబెట్టి తను తవుడు బస్తా మీద కూర్చునేది. మజ్జిగ తెప్పిస్తే "మీ గుమాస్తాకియ్యి, ఎండలో వచ్చేడు," అనేది. మంచి సరుకుని మంచిదని అనడం ఆవిడ నోటికి రాదు. అంతా సవ్యంగా ఉంటే "ఏటీ లేదు" అనేది. అదే ఆవిడ కప్పే పట్టుశాలువా. ఆ 'ఏటీ లేదు' కోసం పెద్దపెద్ద మిల్లుల వాళ్ళు కూడా చేతులు కట్టుకుని నిలబడేవారు. లేదనిపించుకోవడానికి మనుషులు అంత తహతహలాడటం నేను ఇంకెక్కడా చూడలేదు.

ఒకసారి ఉండబట్టలేక అడిగాను. "కుక్క ఎముక తింటుంది, కోడి పురుగు తింటుంది. గేదె నోట్లోకి ఇంత ఎముకల పొడి పోతే ఏమవుతుందండీ? కాల్షియమే కదా?"

ఆవిడ కోప్పడలేదు. ఒళ్ళోని మరమరాల పొట్లంలోంచి నాలుగు నోట్లో వేసుకుని, నమలడం అయ్యేదాకా ఆగి చెప్పింది. "దూరదేశాల్లో ఆవులకి ఆవుల ఎముకలే పొడిచేసి పెట్టేరు. వాటికి బుర్ర పాడైపోయే జబ్బొచ్చింది. ఆ మాంసం తిన్న మనుషులకీ పాకింది. గడ్డి తినేదానికి గడ్డే పెట్టాల. దానికి నోరుంటే అదే చెప్పును. లేదు గనక జీతమిచ్చి నన్ను పెట్టేరు."

పాల సొసైటీలకి వెళ్ళినప్పుడు ఆ నోరులేని వాళ్ళతో మాట్లాడేది కూడా. తుమ్మపాల వైపు ఆడవాళ్ళ పాల సొసైటీ ఒకటి నా దాణా కొనేది. అక్కడ పాకలో ఒక చూడి గేదె మెడ నిమురుతూ, "ఏటమ్మా, సావుకారు బాగా సూత్తన్నాడా నిన్ను?" అని అడిగి, జవాబు కోసం నిజంగానే ఆగింది. గేదె తల విదిలించింది. ఆవిడ నావైపు తిరిగి, "చూడు మరి," అంది. నేను అక్కడికక్కడే సంజాయిషీ మొదలుపెట్టాను. గేదెకి.

ఆ సొసైటీ వాళ్ళ బస్తాలోంచే ఒక ఎండాకాలం నా దాణా శాంపిల్ తీసుకెళ్ళింది. తర్వాత నన్ను ల్యాబుకి రమ్మని కబురు చేసింది.

వెళ్ళాను. ఒక గాజు గొట్టంలో ఏదో మందు పోసి, అందులో నా దాణా చిటికెడు వేసింది. తవుడు, వేరుశెనగ చెక్క పైన తేలాయి. తెల్లటి నలుసులు కొన్ని నింపాదిగా అడుక్కి దిగాయి. ఆ నలుసుల్ని మైక్రోస్కోపు కింద పెట్టి నన్ను చూడమంది. కన్ను ఆనించాను.

"నల్లగా చీమ కాళ్ళలా ఏవో కదుల్తున్నాయండి. బతికే ఉన్నాయి," అన్నాను భయంగా.

"అవి నీ కనురెప్పల వెంట్రుకలు సావుకారూ. రెప్పలు పక్కనెట్టి చూడు."

రెప్పలు పక్కన పెట్టడం ఎలాగో ఎవరూ నేర్పలేదు. కాసేపు కుస్తీ పట్టాక కనబడ్డాయి. పటికబెల్లం పలుకుల్లాంటి ముక్కలు, వాటిమీద సన్నటి నల్లని చుక్కలు.

"అందంగా ఉన్నాయండి," అన్నాను.

"అందంగానే ఉంటాయి. ఎముకలు."

బెల్లం వాళ్ళ ఇంట్లో పుట్టినవాణ్ణి కదా, బెల్లం కొట్టిన రాయిలా నిలబడిపోయాను.

ఆ రోజే నా వెనకే షాపుకి వచ్చింది. మా మిక్సర్ దగ్గర సత్తార్ ఉన్నాడు. ఆ మిక్సర్‌ని కట్టినవాడు, నడిపేవాడు, అవసరమైతే తిట్టేవాడు కూడా సత్తారే. వాళ్ళ నాన్న కాలం నుంచి ఊళ్ళో చెరుకు గానుగల రిపేరు వాళ్ళ కుటుంబానిదే. మేడమ్ మిక్సర్ కింద వంగి సుత్తితో రెండుసార్లు కొట్టింది. దాణాలో తీపికి కలిపే బెల్లం మడ్డి అడుగున పేరుకుని ఉంది, దాని పెచ్చులు రాలిపడ్డాయి. ఒక పెచ్చు విరిచి చూపించింది. లోపల పొరలు పొరలుగా పొద్దుటి కోళ్ళ దాణా.

"రోజూ తుడుస్తామండీ," అన్నాను.

"దేంతో?"

"చీపురుతో."

"పైనా?"

నేను నీళ్ళు నమిలాను. సత్తార్ నమలలేదు. "పైనేనమ్మా. కింద నట్లు విప్పి తియ్యాల. విప్పుదామంటే పని ఆగిపోద్దని సావుకారు గారు వద్దంటారు," అన్నాడు. నమ్మకస్తుడు.

విషయం అదే రోజు సొసైటీకి తెలిసింది. దాని సెక్రటరీ అప్పలనాయుడు నాతోపాటు చదువుకున్నవాడు. సాయంత్రం స్కూటర్ మీద వచ్చి దిగకుండానే మాట్లాడాడు. "నీ దాణా మంచిది కాదని నేననట్లేదు బావా. మంచిదని మేడమ్ సెప్పాల. అందాకా మా ఆడోళ్ళు ముట్టరు. ఈలోపు ఎలమంచిలి వోళ్ళు సరుకు పంపుతామంతన్నారు. ఎన్నాళ్ళని ఆపగలన్సెప్పు?"

సొసైటీ పోతే గేదెల దాణా పోయినట్టే. ఒక్క కోళ్ళ దాణాతో ఆ షాపు నిలబడదు. మా పెద్దన్నయ్య గుమాస్తా కుర్చీకి దుమ్ము దులిపించాడని కూడా విన్నాను.

మేడమ్ చెప్పింది చెప్పినట్టు చేశాం. కోళ్ళ దాణా పనిని వెనక షెడ్డులోకి మార్చి, పారలతో కలపడం మొదలుపెట్టాం. సత్తార్ మిక్సర్ మొత్తం విప్పి, గీకి, ఊది, తుడిచి మళ్ళీ బిగించాడు. ఇంకా మిగిలిన నలుసులుంటే వదిలేలా ఉత్త తవుడు అందులో తిప్పి, ఆ తవుడుని కోళ్ళకి పంపించేశాం. అంతా అయ్యాక, ఎముకలు తిరిగిన యంత్రం కదా అని ఇంట్లో వాళ్ళు అంటే చిన్న శుద్ధి కూడా చేయించాను. అప్పుడు కొత్తగా గేదెల దాణా కలిపి మేడమ్‌కి కబురు పెట్టాను. వచ్చి, గాజులు మార్చి, అడుగునుంచి తీసుకెళ్ళింది. ఒకసారి తప్పిన సరుకు కాబట్టి ఈసారి మైక్రోస్కోపుతో పాటు ఇంకో పరీక్ష కూడా చేస్తామంది. ఏ జంతువు అంశ ఏ కాస్త ఉన్నా దాని పేరు చెప్పేసే పరీక్ష.

ఫోను వచ్చింది.

"ఎముక లేదు సావుకారూ," అంది. నేను కళ్ళు మూసుకుని దేవుళ్ళందరినీ తలుచుకుంటున్నాను. వాళ్ళింకా పూర్తి కాకముందే, "ఆవుంది," అంది.

"ఎముకల్లేని ఆవా మేడమ్?"

"అదే నాకూ అర్థం కావట్లేదు. వత్తాను," అని పెట్టేసింది.

చిన్నప్పుడు ఏ ప్రశ్న ఇచ్చినా ఆవు వ్యాసమే రాసే కుర్రాడు ప్రతి క్లాసులోనూ ఒకడుంటాడు. నా దాణా అలా తయారైంది. కోడి గురించి అడిగినా ఆవు, తవుడు గురించి అడిగినా ఆవు.

ఊరు చిన్నది, ఆవు పెద్దది. మర్నాటికి బజారంతా పాకింది. గేదెల దాణాలో ఎముక దొరికిందంటే నవ్విన వాళ్ళు, ఆవు దొరికిందంటే నవ్వలేదు. బెల్లం మార్కెట్ బ్రోకరొకడు షాపుకొచ్చి, తవుడు ధర అడిగి, మిక్సర్ వైపు ఓరగా చూసి, "మెషీనుకాడ పనిసేసేదెవరు? ఆడేనా?" అన్నాడు. అంతకన్నా ఏమీ అనలేదు. అనక్కర్లేదని వాడికి తెలుసు.

సత్తార్ ఆ మాట విన్నాడు. చేతులు తుడుచుకుంటూ నా దగ్గరికొచ్చి, "నేనొక నాలుగు రోజులు రాన్లెండి సావుకారు గారూ. మీకెందుకు తలనొప్పి," అన్నాడు మెల్లిగా.

"నువ్వు రాకపోతే నట్లు నేను విప్పాలి. నేను విప్పితే బిగించేదెవరు?" అన్నాను. ఇంకేదైనా మంచి మాట అనవలసింది. నాకొచ్చింది అదే. సత్తార్ పానా చేతిలోకి తీసుకుని మిక్సర్ దగ్గరికి వెళ్ళిపోయాడు.

మేడమ్ వచ్చేసరికి షాపులో జనం ఉన్నారు. అప్పలనాయుడు తాడోపేడో తేల్చుకోడానికి వచ్చాడు. బ్రోకరు ధర అడగడానికి మళ్ళీ వచ్చాడు. ఆవిడ గొడుగుని కుర్చీలో కూర్చోబెట్టి, తను బస్తా మీద కూర్చుని, నన్ను ఎదురుగా ఇంకో బస్తా మీద కూర్చోమంది.

"మిక్సర్ విప్పిన కాడ్నించీ దానికి ఏటేటి తగిలేయో వరసగా చెప్పు. ఏదీ వదలకు."

"తవుడండి. తెలకపిండి. వేరుశెనగ చెక్క. మడ్డి. ఉప్పు. మినరల్ పొడి."

"అవన్నీ విడివిడిగా చూసేను. వాటిలో ఏటీ లేదు. ఇంకా?"

"ఇంకేం లేదండి."

ఆవిడ లేచి మిక్సర్ చుట్టూ తిరిగింది. సరుకు పోసే గరాటు అంచున ఆగింది. అక్కడ పసుపు రాసి కుంకుమబొట్లు పెట్టి ఉన్నాయి. రేకు అతుకులో వేలు పెట్టి గీకి, కళ్ళజోడు పైకి నెట్టి చూసి, వాసన చూసింది.

"నెయ్యి," అంది. "ఇక్కడ దీపమెట్టేరేటి?"

"కాదండి, శుద్ధి చేయించాను."

"దేంతో?"

అప్పుడు నేను ఎంత గర్వంగా చెప్పానో తలుచుకుంటే ఇప్పటికీ చెవులు వేడెక్కుతాయి. "పంచగవ్యంతోనండి. పంతులుగారు మామిడాకుతో చిలకరించి వదిలేశారు. నాకు తృప్తి కలగలేదు. ఆవుపాలు, ఆవుపెరుగు, ఆవునెయ్యి, గోమూత్రం, గోమయం, అన్నీ కలిపిన చెంబుని నేనే గరాటులోకి ఒంపేసి, ఒకసారి మిక్సర్ తిప్పించాను. లోపల కూడా ఎక్కడా మైల ఉండకూడదు కదండీ."

"తరవాత తవుడు తిప్పేరా?"

"లేదండి. తవుడు అంతకు ముందే అయిపోయింది కదా. ఎండాక నేరుగా దాణా కలిపేశాం."

ఆవిడ వచ్చి మళ్ళీ బస్తా మీద కూర్చుని కళ్ళజోడు తీసేసింది. ముందు భుజాలు కదిలాయి. ఏడుస్తోందేమోనని సత్తార్ మంచినీళ్ళకి లేచాడు. అప్పుడు నవ్వు బయటికొచ్చింది. అంత చిన్న మనిషిలో అంత నవ్వు ఎక్కడ దాచుకుందో తెలీదు, ఆవిడ కూర్చున్న బస్తా కుట్టు తెగి తవుడు కారడం మొదలైంది.

"ఆవు లేదని నిరూపించడానికి ఆవు మొత్తాన్నీ పోసేవు కదయ్యా! కొమ్ములొక్కటే వదిలేవు!"

నాకింకా అర్థం కాలేదు. అప్పలనాయుడికి ముందు అర్థమై గోడకి ఆనుకుపోయాడు.

కొంగుతో కళ్ళు తుడుచుకుని మేడమ్ నాకు విడమర్చి చెప్పింది. "ఆ పరీక్ష ఆవుని గుర్తుపడతాది అంతే. పాలైనా దానికి ఆవే, పేడైనా ఆవే, ఎముకైనా ఆవే. పాలకి పుణ్యం, ఎముకకి పాపం అని దానికి తెలీదు."

పాలు పోసిన నేను ఇప్పుడేం చెయ్యాలో పాలుపోక అలాగే కూర్చున్నాను.

ఆవిడ బ్రోకరు వైపు తిరిగింది. ఎవరు చెప్పారో గానీ సత్తార్ గురించి వాడన్న మాట ఆవిడదాకా వెళ్ళింది. "ఆవుని మెషీన్లో పోసినోడెవరని నీకేదో అనుమానమటగా? ఇదిగో, ఎదర కూకున్నాడు. ఏటడగాలో అడుగు."

బ్రోకరుకి హఠాత్తుగా మార్కెట్లో పని గుర్తొచ్చింది. సత్తార్ తెచ్చిన మంచినీళ్ళు మేడమ్ తాగలేదు. నాకిచ్చింది. నిజానికి నాకే అవసరం.

"తెలిసిపోయింది కదమ్మా. బాగుందని రాసిచ్చియ్యండి, రేపట్నించి సరుకు తీసుకెల్తాం," అన్నాడు అప్పలనాయుడు.

ఆవిడ మొహంలో నవ్వు అలాగే ఉంది, మాట మాత్రం మారింది. "నాకు నవ్వొచ్చిందని రిపోర్టు మారదు నాయుడూ. పాలే తగిలేయని నువ్వూ నేనూ నమ్ముతున్నాం. నమ్మకానికి నా ల్యాబులో గొట్టం లేదు. మళ్ళీ విప్పాల. మళ్ళీ తవుడు తిప్పాల. మళ్ళీ తీసుకెళ్తాను. ఈపాలి మాత్రం," అని నావైపు చూసి, "దండం ఒక్కటే పెట్టు," అంది.

అప్పలనాయుడు తల గోక్కుని, "ఎలమంచిలి వోళ్ళకి ఇంకో వారం ఆగమంతాను," అన్నాడు.

సత్తార్ మళ్ళీ విప్పాడు. ఈసారి నేనూ పక్కన కూర్చుని నట్లు అందించాను. ఇచ్చిన ప్రతిదీ తప్పు సైజే. "మీరు దండం పెట్టుకోండి సావుకారు గారూ, అదే పెద్ద సాయం," అన్నాడు. వారం రోజుల్లో అతను నవ్వడం అదే మొదటిసారి.

ఫలితం నాకు ఫోన్లో చెప్పలేదు. నన్ను వెంటబెట్టుకుని షేర్ ఆటోలో తుమ్మపాల వైపు తీసుకెళ్ళింది. సాయంత్రం పాలు పోసే వేళ. క్యాన్ల చుట్టూ ఆడవాళ్ళు. ఆవిడ వాళ్ళ మధ్య నిలబడి, మొదటి పరీక్షలో ఏం దొరికిందో, రెండోదాంట్లో ఏం దొరికిందో, ఎందుకు దొరికిందో, ఏదీ దాచకుండా చెప్పింది. చెంబు దగ్గరికొచ్చేసరికి నవ్వులకి క్యాన్లు దొర్లాయి. నేను ఒక గేదె వెనక నిలబడ్డాను. చివర్న, "ఇప్పుడు కలిపినదాంట్లో చూసేను," అని ఆగింది. ఆగడం ఆవిడకి ఇష్టం. "ఏటీ లేదు."

ఒక ముసలావిడ నా దగ్గరికొచ్చి, "అయితే రేపు బత్తాలంపు బాబూ. అభిషేకం సేయకుండా అంపు," అంది.

పెద్దన్నయ్య కుర్చీలో తర్వాత ఇంకెవరో కూర్చున్నారు. నా షాపు నిలబడింది. బస్తాల మీద 'శుద్ధ శాకాహార' అన్న మాట తీసేసి, ఉత్త 'గేదెల దాణా' అని వేయించాను. గేదె ముందు ఆ మాత్రం వినయం చాలు.

అంతవరకు బాగానే ఉంది. ఆవిడకి ఆ కథ మహా నచ్చింది. అదొక్కటే వచ్చిన చిక్కు.

రైతుల శిక్షణ ఎక్కడ పెట్టినా, దాణా కలిపేవాళ్ళ మీటింగు ఎక్కడ జరిగినా, చివర్న ఆ కథ చెప్పేది. పేరు చెప్పేది కాదు, మర్యాదస్తురాలు. "అనకాపల్లిలో ఒక సావుకారు, బెల్లం వాళ్ళబ్బాయి, తవుడులోకి దిగేడు" అనేది. అంతకన్నా నా పేరే చెప్పేస్తే నయం. ఊరు మారినకొద్దీ కథ పెరిగింది. కొండకర్లలో చెంబు బిందె అయింది. ఇంకోచోట బిందె డ్రమ్ము అయింది. ఎలమంచిలి చేరేసరికి నేను ఆవునే తాడు పట్టుకుని మిక్సర్ దాకా తీసుకొచ్చి, సత్తార్ అడ్డుపడితే ఆగానట. ఎక్కడ చెప్పినా ముగింపు ఒక్కటే: కొమ్ములొక్కటే వదిలేడు. అక్కడ చప్పట్లు.

నష్టమేం రాలేదు, నిజం చెప్పాలి. ఆ కథ విన్నవాళ్ళు మిక్సర్ చూడ్డానికి వచ్చి దాణా కొనుక్కుని వెళ్ళేవారు. "ఇన్నిసార్లు పరీక్ష సేసిన దాణా ఇంకెక్కడ దొరుకుద్ది" అనేవారు. సత్తార్ వాళ్ళకి గరాటు చూపించి, ఆవు ఎటునుంచి వచ్చిందో వేలుపెట్టి చెప్పేవాడు. రాని ఆవుకి అంత వివరంగా దారి చెప్పగలిగినవాడు అతనొక్కడే. అయినా, మన తెలివితక్కువతనం మనకంటే బాగా ఇంకొకరు చెబుతుంటే కడుపులో కొంచెం మండుతుంది. అవకాశం కోసం ఏళ్ళ తరబడి కాచుకున్నాను.

అది ఆవిడ రిటైరైన రోజున దొరికింది. ల్యాబు మేడ మీద షామియానా వేశారు. పెద్ద ఆఫీసర్లు, సొసైటీల వాళ్ళు, మా బజారు మొత్తం. వ్యాపారుల తరఫున నన్ను నాలుగు మాటలు చెప్పమన్నారు. చివర్న మేడమ్ మాట్లాడుతుంది. ఆవిడ చివర్న ఏం చెబుతుందో నాకు తెలుసు, అక్కడున్న కుర్చీలకి కూడా తెలుసు. షాపు కట్టేసే వేళవుతోందని అబద్ధమాడి, నా వంతు ముందుకి జరిపించుకున్నాను.

మైకు పట్టుకుని, "అనకాపల్లిలో ఒక సావుకారు ఉండేవాడండి," అని మొదలెట్టాను. జనం సర్దుకుని కూర్చున్నారు. ఆవిడ గొంతుతోనే చెప్పాను. కనురెప్పలు చెప్పాను, పెచ్చులు చెప్పాను, ఎముకల్లేని ఆవు చెప్పాను. డ్రమ్ముని మళ్ళీ చెంబు చేశాను. మొదట్లో ఆవిడ అందరికంటే ఎక్కువ నవ్వింది. సగం దాటాక నేనేం చేస్తున్నానో అర్థమైంది. నవ్వు అక్కడే ఆగింది. "వద్దు, వద్దు" అన్నట్టు వేలు ఊపింది. నేను ఆవిడ కళ్ళలోకి చూస్తూ, నింపాదిగా, ఆవిడ ఆగే చోటే ఆగి, "కొమ్ములొక్కటే వదిలేవు!" అని ముగించి కూర్చున్నాను. షామియానా గుంజలు ఊగాయి.

ఆవిడ వంతు వచ్చింది. దండలు సర్దుకుని మైకు ముందు నిలబడింది. గొంతు సవరించుకుంది. జనాన్ని చూసింది, నన్ను చూసింది.

"ఏటుంది చెప్పడానికి? అంతా ఆ సావుకారు చెప్పేసేడు. ఉంటాను," అని వచ్చి కూర్చుంది.

అంత పొట్టి ఉపన్యాసం ఆ శాఖలో ఎవరూ వినలేదట. నాకు కొట్టినదానికన్నా గట్టిగా కొట్టారు చప్పట్లు. అక్కడే నా పగ సగం నీరుగారింది. మిగతా సగం మీద ఆశతో భోజనాల వరసలో కావాలనే ఆవిడ వెనక నిలబడ్డాను.

ఆవిడ వెనక్కి తిరగకుండానే అంది: "ఇంత సర్వీసులో జనాన్ని నవ్వించే కథ నా దగ్గర అదొక్కటే ఉంది సావుకారూ. చివర్రోజున అదీ లాగేసేవు."

"నా దగ్గరా అదొక్కటేనండి. ఇన్నాళ్ళూ మీరే వాడేసుకున్నారు," అన్నాను.

ఆవిడ ఇటు తిరిగి, నా పళ్ళెంలో ఉన్న పూర్ణం బూరె తీసి తన పళ్ళెంలో వేసుకుంది.

"ఇది జప్తు," అని ముందుకి నడిచింది.